ఒక పుల్ల విరిగినా ఇల్లు చేర్చే చక్రం

సైకిలు చక్రంలో అన్నిటికంటే సన్నని భాగం పుల్ల. మందం 2 మిల్లీమీటర్లు, బరువు ఏడు గ్రాములకు అటూ ఇటూ. వేళ్లతో పట్టుకొని వంచితే వంగిపోతుంది. అలాంటివి ముప్ఫయ్యారు కలిసి ఒక మనిషినీ, ఆ మనిషి వెనక కట్టుకున్న మూటనూ మోస్తూ ఏళ్ల తరబడి తిరుగుతాయి. అంతకన్నా విశేషం ఏమిటంటే, వాటిలో ఒకటి విరిగినా చక్రం కూలిపోదు. కాస్త వంకర పోతుంది. ఆ వంకరను కొంత సర్ది, జాగ్రత్తగా తొక్కుకుంటూ ఇల్లు చేరవచ్చు. ఎలా చేరగలుగుతామో తెలియాలంటే చక్రంలో ఒక్కో భాగాన్నీ విడిగా చూసి, ఆ తర్వాత కలిపి చూడాలి.

నాకు ఆ అవసరం సింగపూర్‌లో వచ్చింది. సెలవులకు వెళ్లి జురాంగ్ వెస్ట్‌లో మా అక్కా బావల ఇంట దిగాను. దీవికి పడమటి వైపున్న పెద్ద నివాస పట్టణం అది. 1961లో చిత్తడి నేలలూ గుట్టలూ చదును చేసి మొదలుపెట్టిన జురాంగ్ పారిశ్రామికవాడను ఆనుకొని పెరిగింది. అంతస్తుల ఇళ్ల వరసల నడుమ నుంచి సైకిలు దారులు సాగుతాయి. ఒక పార్కును ఇంకో పార్కుతో కలిపే ఈ పార్క్ కనెక్టర్లు దేశమంతా కలిపి 300 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. పొద్దున్నే బావ సైకిలు తీసుకొని జురాంగ్ చెరువు దాకా వెళ్లేవాణ్ణి. 1971లో జురాంగ్ నదికి అడ్డుకట్ట వేయగా ఏర్పడిన చెరువది, చుట్టూ ఇప్పుడు తోటలు. ఒకనాడు తిరుగు దారిలో కాలిబాట అంచు దిగుతుండగా వెనక చక్రంలో టింగుమంది. ఆ వెంటనే, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకచోట బ్రేకు రబ్బరు రిమ్మును రాసుకోవడం మొదలైంది.

బావకు ఫోను చేశాను. "కంగారు పడకు. అది 36 పుల్లల చక్రం. సీటు కింద సంచిలో పానాలున్నాయి, బిగువు సరిచేసుకొని మెల్లగా వచ్చెయ్. రైల్లో మాత్రం ఎక్కనివ్వరు," అన్నాడు. అక్కడి రైళ్లలోకి మడత సైకిళ్లనే రానిస్తారు. మడిచాక 120 సెంటీమీటర్ల పొడవు, 70 ఎత్తు, 40 వెడల్పు దాటకూడదు. మామూలు సైకిలుకు ఆ దారి లేదు. కాబట్టి ఇల్లు చేర్చే భారమంతా మిగిలిన ముప్ఫయ్యైదు పుల్లల మీదే పడింది.

పుల్లతోనే మొదలుపెడదాం. దానికి నాలుగు భాగాలు. ఒక కొసన మేకు తలను పోలిన చిన్న తల. దాన్ని ఆనుకొనే, దాదాపు లంబకోణంలో వంచిన మోచేయి. తర్వాత నిటారుగా సాగే ఒళ్లు. చివర మర. ఈ మరను లోహం చెక్కి తీయరు. గట్టి అచ్చుల మధ్య తీగను దొర్లించి, నొక్కి లేపుతారు. చెక్కితే ఆ చోట తీగ సన్నబడి బలం తగ్గేది. నొక్కడం వల్ల మర గట్లు తీగ మందం కన్నా కాస్త పైకి లేస్తాయి, లోహమూ అక్కడ గట్టిపడుతుంది. మంచి పుల్లల్లో ఒళ్లు మధ్యలో 1.8 మిల్లీమీటర్లకు సన్నగిల్లి, రెండు కొసలా 2 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నని మధ్యభాగం కొంచెం ఎక్కువ సాగుతుంది, అదురును తనలోకి తీసుకుంటుంది. విరగడానికి అవకాశమున్న కొసల దగ్గర మాత్రం మందం తగ్గదు. ఆ తేడా కంటితో చూస్తే తెలియదు, వేళ్ల మధ్య జార్చి చూస్తే తెలుస్తుంది.

మర ఎక్కేది నిపుల్‌లోకి. చాలావాటిలో అది ఇత్తడిది, 12 మిల్లీమీటర్ల పొడవు. దాని తల రిమ్ము లోపలి వైపు చిల్లులో కూర్చుంటుంది. నలుపలకల మెడ బయటికి పొడుచుకు వస్తుంది, పానా పట్టేది అక్కడే. ఉక్కు మీద ఉక్కు మర తిరిగితే పట్టేసుకొని తుప్పుతో బిగిసిపోతుంది. ఇత్తడి మెత్తన కాబట్టి ఏళ్ల తర్వాత కూడా తిరుగుతుంది. ఈ మరకు అంగుళానికి 56 చుట్లు. అంటే నిపుల్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పితే పుల్ల 0.45 మిల్లీమీటరు లోపలికి వస్తుంది. పావు చుట్టు తిప్పితే 0.11 మిల్లీమీటరు. చేతి పానాతో, రోడ్డు పక్కన కూర్చొని, మిల్లీమీటరులో పదో వంతు సర్దుబాటు చేయగలిగే ఏర్పాటు ఇది.

ఇంత సూక్ష్మత ఎందుకో బిగువు లెక్క చూస్తే అర్థమవుతుంది. మంచి చక్రంలో ఒక్కో పుల్ల సుమారు 100 కిలోల బిగువుతో లాగి ఉంటుంది. ఆ బిగువుకు 290 మిల్లీమీటర్ల ఉక్కు పుల్ల సాగేది అర మిల్లీమీటరు లోపే, దాదాపు నిపుల్ ఒక చుట్టంత. వదులు పుల్లకూ పూర్తిగా బిగిసిన పుల్లకూ ఉన్న దూరమంతా ఆ ఒక్క చుట్టులోనే ఉంది. పావు చుట్టు తేడా చక్రంలో కనిపించడంలో వింత లేదు.

36 పుల్లలు ఒక్కోటి 100 కిలోల చొప్పున లాగితే మొత్తం 3,600 కిలోల లాగుడు రిమ్మును నడిమికి గుంజుతుంది. రిమ్ము గుండ్రంగా ఉండబట్టి ఆ లాగుడు దాని చుట్టూ నొక్కుడుగా మారుతుంది. రిమ్మును ఎక్కడ కోసి చూసినా, ఆ కోత దగ్గర సుమారు 570 కిలోల నొక్కుడు ఉంటుందని లెక్క. మనం ఎక్కకముందే, గోడకు ఆనించి ఉన్నప్పుడే, ఆ చక్రం లోపల ఇంత బలం సమతూకంలో నిలిచి ఉంది.

ఎడ్లబండి చక్రం పద్ధతి వేరు. అందులో ఆకులు మందపాటి కొయ్యవి, నొక్కుడును మోస్తాయి. నేలకు తగిలే వైపు ఉన్న ఆకు బరువును తన మీద నిలబెట్టుకుంటుంది. సైకిలు పుల్ల నొక్కుడుకు నిలవదు, వంగిపోతుంది. అది లాగగలదు, అంతే. మరి ఇరుసు కింద ఉన్న పుల్ల బరువును ఎలా మోస్తుంది? ముందే బిగించి ఉంచడంలోనే కిటుకు ఉంది. బరువు పడగానే నేలకు తగిలే చోట రిమ్ము రవ్వంత చదునవుతుంది, అక్కడి మూడు నాలుగు పుల్లల బిగువు తగ్గుతుంది. తక్కిన పుల్లల బిగువు దాదాపు మారదు. కింద తగ్గిన లాగుడే ఇరుసును పైకి నిలిపే బలం అవుతుంది. వెనక చక్రం మీద 45 కిలోలు పడితే, ఆ కింది పుల్లలు కలిసి ఆ మేరకు బిగువు వదులుకుంటాయి. ముందున్న బిగువు ఎక్కువ కాబట్టి వదులు కావు. అమెరికన్ ఇంజనీరు జాబ్‌స్ట్ బ్రాంట్ 1981లో వెలువరించిన సైకిలు చక్రం పుస్తకంలో దీన్ని లెక్కలతో చూపించాడు. బిగువు ఉన్నంత వరకు సన్నని తీగ కూడా స్తంభం చేసే పని చేయగలదన్నమాట.

ఈ ఆలోచన ఒక్కరోజులో రాలేదు. 1808లో జార్జ్ కేలీ తన ఎగిరే యంత్రానికి తేలికైన చక్రం కావాలని లాగుడు పుల్లల చక్రాన్ని ఊహించాడు. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగ పుల్లల సైకిలు చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటి పుల్లలు నడిమి నుంచి రిమ్ముకు సూటిగా సాగేవి. సూటి పుల్ల బరువు మోస్తుంది గానీ, చక్రం నడిమి భాగమైన హబ్‌ను మెలిపెట్టే బలానికి ఎదురు నిలవలేదు. 1874లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ పుల్లలను ఏటవాలుగా, హబ్ అంచును రాసుకుంటూ బయల్దేరేలా అమర్చాడు. సగం పుల్లలు ముందుకు వాలాయి, సగం వెనక్కి. తొక్కినప్పుడు వెనక్కి వాలినవి మరింత బిగిసి రిమ్మును తమతో లాక్కుపోతాయి. ముందుకు వాలినవి ఆ మేరకు సడలుతాయి. నేటికీ వెనక చక్రాలు ఎక్కువగా ఆ అమరికతోనే అల్లుతున్నారు.

ఆ అల్లికకు ఒక క్రమం ఉంది. హబ్‌కు రెండు వైపులా చిల్లులున్న ఫ్లాంజీలు ఉంటాయి, 36 పుల్లల చక్రమైతే ఒక్కోదానికి 18 చిల్లులు. రిమ్ము మీది చిల్లులు ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ కాస్త జరిగి ఉంటాయి. మొదట ఒక ఫ్లాంజీలో చిల్లు విడిచి చిల్లుకు తొమ్మిది పుల్లలు దూర్చి, రిమ్ములో ప్రతి నాలుగో చిల్లుకూ కలుపుతారు. రెండో తొమ్మిది అవతలి ఫ్లాంజీవి. ఇప్పుడు హబ్‌ను చేత్తో పట్టి తిప్పితే ఆ పద్ధెనిమిదీ ఒక పక్కకు వాలతాయి. తర్వాతి తొమ్మిది ఎదురు దిక్కుకు వాలుతూ, తమ వైపు పుల్లల్లో మూడింటిని దాటి వెళ్తాయి. మొదటి రెండింటిని ఒక వైపు నుంచి దాటి, మూడోదాన్ని రెండో వైపు నుంచి దాటించాలి. ఆ మూడో కలయిక దగ్గర రెండు పుల్లలూ ఒరుసుకొని ఒకదానికొకటి ఆసరా అవుతాయి. చివరి తొమ్మిదీ అలాగే. మొదటి పుల్లను గాలి గొట్టం చిల్లు పక్కన సరైన చోట పెట్టి ఉంటే, ఆ చిల్లుకు రెండు పక్కలా ఉన్న పుల్లలు దగ్గరపడకుండా ఎడంగా నిలుస్తాయి. పంపు తల పట్టడానికి చోటు దొరుకుతుంది. గాలి కొట్టేవాడి చేతివేళ్ల గురించి అల్లకముందే ఆలోచించిన పని అది.

వెనక చక్రంలో ఇంకో చిక్కు ఉంది. కుడి వైపు గేరు పళ్ల చక్రాలకు చోటు ఇవ్వాలి కాబట్టి కుడి ఫ్లాంజీ నడిమికి జరుగుతుంది. అటు పుల్లలు నిటారుగా, ఎడమ పుల్లలు ఏటవాలుగా నిలుస్తాయి. రిమ్ము నట్టనడుమ ఉండాలంటే నిటారు పుల్లలు ఎక్కువ బిగువుతో లాగక తప్పదు. ఎడమ పుల్లలు తక్కువ బిగువుతో సరిపెట్టుకుంటాయి. శరీరం బరువులో ఎక్కువ పాలు వెనక చక్రం మీదే పడుతుంది, తొక్కే బలమూ దాని ద్వారానే వెళ్తుంది. అందుకే పుల్లలు విరిగేది ఎక్కువగా వెనకే. పాల క్యాన్లూ ధాన్యం బస్తాలూ మోసిన మన నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 పుల్లలు పెట్టడంలోని తెలివి ఇదే.

నా చక్రంలో విరిగింది చైను వైపు పుల్ల, మోచేయి దగ్గర. విరిగిన ముఖాన్ని ఎండకు తిప్పి చూస్తే రెండు రకాల నేల కనిపించింది. ఒక పక్క నున్నగా, కాస్త నల్లబడి ఉంది. మిగతాది గరుకుగా, కొత్తగా మెరుస్తోంది. నున్నని భాగం పాత బీట. చక్రం తిరిగిన ప్రతిసారీ వెంట్రుకవాసి పెరుగుతూ వచ్చినది. గరుకు భాగం ఆ రోజు కాలిబాట అంచు దగ్గర ఒక్కసారిగా తెగినది. పెద్ద చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. 10,000 కిలోమీటర్లు నడిస్తే 47 లక్షలకు పైగా చుట్లు. ప్రతి చుట్టులో ప్రతి పుల్లా కిందికి వచ్చి ఒకసారి సడలి, మళ్లీ బిగుస్తుంది. లోహాన్ని అలసిపోయేలా చేసేది ఈ సడలడం, బిగవడమే. పుల్లను బిగిస్తే తెగుతుందని చాలామంది భయపడతారు. నిజానికి వదులుగా ఉన్న పుల్లే మోచేయి దగ్గర ఎక్కువ కదిలి తొందరగా తెగుతుంది.

కుడి పుల్ల ఒకటి పోతే, ఆ చోట ఎడమ పుల్లల లాగుడుకు ఎదురు తగ్గి రిమ్ము ఎడమకు జరుగుతుంది. సర్దుబాటు కూడా అక్కడే. ముందు విరిగిన ముక్కను నిపుల్ నుంచి విప్పి తీసేయాలి. రాకపోతే పక్క పుల్లకు చుట్టేయాలి, లేకుంటే గేరులోనో ఫ్రేములోనో చిక్కుకుంటుంది. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనక బ్రేకు పట్టును కాస్త వదులు చేయాలి. విరిగిన పుల్లకు రిమ్ము మీద రెండు పక్కలా ఉన్నవి ఎడమ పుల్లలే. ఆ రెండింటినీ చెరో అర చుట్టు వదులు చేసి, వాటికి అవతలి కుడి పుల్లలను చెరో పావు చుట్టు బిగించాలి. టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముళ్ల దిశలో తిప్పడం బిగించడం. హబ్ వైపు నుంచి చూస్తే అదే తిప్పుడు ఎదురు దిశలో కనిపిస్తుంది. ఒకసారి తిప్పి, చక్రాన్ని గిరగిరా వదిలి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందును చూడాలి. వేరే కొలబద్ద అక్కర్లేదు, ఆ సందే చెబుతుంది. నేను అలా రెండు మూడు విడతలు సర్దేసరికి రాపిడి ఆగింది.

తర్వాత తొక్కడంలో జాగ్రత్త కావాలి. వీపు సంచిని ముందు హ్యాండిలుకు తగిలించాను. బరువు ముందుకు వేసి, ఎత్తుపల్లాలు వచ్చినప్పుడు సీటు మీద నుంచి కొంచెం లేచి మోకాళ్లతో అదురు పట్టుకున్నాను. దారి అంచులు వచ్చిన చోట దిగి నడిపించాను. ఆపడానికి ముందు బ్రేకునే వాడాను. అక్కడి సైకిలు దారుల్లో గంటకు 25 కిలోమీటర్లు, కాలిబాట మీద 10 కిలోమీటర్లు మించకూడదని నియమం. ఆ పూట సైకిలు దారిలో కూడా కాలిబాట వేగమే నాది. ఇదే 20 పుల్లల పందెపు చక్రం అయి ఉంటే రిమ్ము ఫ్రేముకు తగిలి నిలిచిపోయేది. పుల్లలు తగ్గితే గాలి రాపిడి, బరువు తగ్గుతాయి. పుల్లలు పెరిగితే ఒక్కో పుల్ల మీద ఆధారపడటం తగ్గుతుంది. రోజూ తిరిగే మనిషికి రెండోదే మేలు.

ఆ సాయంత్రం బావతో కలిసి, ఒక ఇళ్ల సముదాయం కింది అంతస్తులో ఉన్న సైకిలు అంగడికి వెళ్లాం. అక్కడ పెద్దవయసు అంగడివాళ్లను అందరూ అంకుల్ అనే పిలుస్తారు. ఈ అంకుల్ ముందు పళ్ల చక్రాలను విప్పాడు. అవి తీయందే కుడి ఫ్లాంజీలోకి కొత్త పుల్ల దూరదు. పాత పుల్ల పొడవు కొలిచి, సరిపోయే స్టెయిన్‌లెస్ పుల్లను ఏరి, మరకు చుక్క నూనె రాశాడు. పాత పుల్ల వెళ్లిన దారిలోనే, రెండింటిని ఒక వైపు నుంచి, మూడోదాన్ని రెండో వైపు నుంచి దాటించి నిపుల్‌కు అందించాడు. నేను వదులు చేసిన పుల్లలను మళ్లీ యథాస్థితికి తెచ్చాడు.

అక్కడి నుంచి అతని పని చూడవలసింది. చక్రాన్ని స్టాండులో పెట్టి ముందు పక్క వంకర, తర్వాత ఎత్తుపల్లం, ఆ తర్వాత రిమ్ము నడిమిన ఉందో లేదో వరసగా చూశాడు. ఏ చోటా పావు చుట్టుకు మించి తిప్పలేదు. తిప్పిన ప్రతిసారీ కొంచెం ఎక్కువ తిప్పి, ఆ ఎక్కువను వెనక్కి తీసేవాడు. నిపుల్‌తో పాటు మెలి తిరిగిన పుల్ల అలా తిరిగి నిటారవుతుంది. ఆ పని చేయకపోతే మర్నాడు దారిలో మెలి విడివడి చక్రం మళ్లీ వంకరపోతుంది. మధ్యమధ్య ఒక వైపు పుల్లలను గోటితో మీటుతూ పోయాడు, వీణ శ్రుతి చేసే మనిషి చెవి పెట్టినట్టు. బిగువు 20 శాతం తగ్గితే స్వరం సుమారు 10 శాతం కిందికి దిగుతుంది. అంత తేడాను అలవాటైన చెవి వెంటనే పట్టేస్తుంది. చివరగా పక్కపక్క పుల్లలను జతలుగా పిడికిట్లో బిగించి నొక్కాడు. మోచేయి ఫ్లాంజీకి సరిగ్గా ఆనుకుంటుంది, వంచినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడీ కొంత తీరుతుంది. పుల్ల ఆయుష్షు పెంచే పని ఇదే. ఇందులో దాదాపు ఏదీ పైకి కనిపించదు, బిల్లులోనూ ఉండదు.

అదే సూత్రం ఆ ఊళ్లోనే మహా పరిమాణంలో కనిపిస్తుంది. మరీనా బే దగ్గర 2008లో మొదలైన సింగపూర్ ఫ్లయర్ ఎత్తు 165 మీటర్లు, చక్రం వ్యాసం 150 మీటర్లు. దాని రిమ్మును నడిమికి పట్టి ఉంచేవి ఉక్కు తాళ్లు, బిగించిన పుల్లలే. 28 గదుల్లో జనాన్ని ఎక్కించుకొని తిరుగుతుంది. ఏడు గ్రాముల పుల్లకూ ఆ తాళ్లకూ పని ఒకటే. లాగుతూ ఉండటం, ప్రతి చుట్టులో ఒకసారి కొంచెం సడలి మళ్లీ బిగవడం.

చక్రం బలం ఏ ఒక్క పుల్లలోనూ లేదు, ఒక్కో వైపు పుల్లలన్నిటికీ బిగువును సమంగా పంచడంలో ఉంది. ఆ పంపకం సరిగ్గా ఉంటే ఒకటి పోయినా మిగిలినవి దాని వాటా పంచుకుంటాయి. ఎక్కడ పోయిందో రిమ్ము వంకరే చూపిస్తుంది, అర చుట్టు సర్దుబాటుతో మాట వింటుంది. పంపకంలో లోపముంటే ఖరీదైన పుల్లలు పెట్టినా ఒకదాని వెనక ఒకటి తెగుతాయి. కాబట్టి ఒక పుల్ల విరిగినప్పుడు దాన్ని ఒక్కదాన్నే మార్పించి ఊరుకోకుండా, మిగతావాటి బిగువు కూడా పూర్తిగా చూపించాలి. అంకుల్ మా దగ్గర తీసుకున్న కూలి ఒక పుల్ల మార్చినందుకే. చేసింది మాత్రం ముప్ఫయ్యారు పుల్లల పని.